మైకు నొక్కే ముందు

ఆన్‌లైన్ ఆటలో వేషం కట్టి నోరు విప్పాలంటే ఎవరికైనా సిగ్గే; చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఆ సిగ్గు రెండింతలు. ఇంట్లో తెలుగు, ఎం.సి. రోడ్డు బట్టల కొట్లలో తమిళం. రెండూ కలిసిన ఆ యాసతో, జీటీఏ ఆటను వేషాలు కట్టి ఆడే ఫైవ్‌ఎం సర్వర్‌లో మైకు నొక్కి, విజయవాడ, హైదరాబాద్ కుర్రాళ్ల ముందు 'ట్యాక్సీ డ్రైవర్‌ని' అనాలంటే నాకు గొంతు పెగల్లేదు. జీటీఏలో తుపాకీ పేల్చడానికి లేని బిడియం మాట్లాడటానికి ఎందుకో!

1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ పెంచిన, పలువురు కలిసి ఆడే 'మడ్' ఆటలో ఈ బిడియంతో పనిలేదు: అంతా టైపు చేసిన మాటలే, గొంతు వినబడేది కాదు. ఆ చాటు ఇప్పటికీ ఉంది. చాట్‌లో 'స్లాష్ మీ' కమాండ్ కొట్టి 'టోపీ సర్దుకున్నాడు' అని రాసినా నటించినట్టే. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

ట్యాక్సీ వేషం ఎంచుకున్నదీ అందుకే. డాన్ వేషానికి డైలాగులు కావాలి. ట్యాక్సీవాడితో ప్యాసింజరే మాట కలుపుతాడు; 'ఎక్కడికి సార్?' అంటే సగం పని అయిపోతుంది. (పోలీసు వేషం మాత్రం కొత్తవాళ్లకు వద్దు, రూల్సన్నీ కంఠతా రావాలి.) చివరికి మైకు నొక్కాక, దాచుకోవాలనుకున్న యాసే పాత్రకు ఊరిచ్చింది. అందరూ 'చెన్నై అన్నా' అనేశారు.

వేషమంటే గుర్తొచ్చేది తెలుగు నాటక నటుడు స్థానం నరసింహారావు: మగవాడై ఉండీ సత్యభామగా రంగస్థలాన్ని ఏలారు. ఆయనకు చీర, రంగు, తెర ఉన్నాయి. నాకు పక్కగదిలో అమ్మ ఉంది. 'ఇంత రాత్రప్పుడు ఎవర్నిరా ఎక్కడికి సార్ అంటున్నావ్?' అని అడిగితే జవాబు చెప్పడం, నిజానికి, సర్వర్‌లో నటించడం కన్నా కష్టం.