మరల దవాఖాన గడప తొక్కునపుడు

పెండ్లి చేతనో, పసిబిడ్డల పోషణ చేతనో, మంచమున బడిన అత్తమామల శుశ్రూష చేతనో కొలువు విడిచి, పది పన్నెండేండ్లు ఇంటిపట్టుననే యుండి, పిల్లలు కాలేజీ మెట్లెక్కిన పిమ్మట మరల యూనిఫారము ధరింప సంకల్పించు నర్సులు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో నేడు అరుదు కారు. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడును జిల్లాలైనవి. 2022లో మహబూబాబాదునను, 2023లో జనగామ, భూపాలపల్లులందును ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. పెద్దకొలువు కావలెనన్న మునుపు వరంగల్లు ఎం.జి.ఎం. దవాఖాన దిక్కు చూడవలసివచ్చిన మానుకోట (మహబూబాబాదు) ఆడపడుచునకు ఇప్పుడు తన ఊరి దవాఖానయే పెద్ద దవాఖాన.

ఇట్టివారి నోట మొదట వెలువడు మాట "అంతా మర్చిపోయిన" అనునదే. ఈ భయమున వినయము కలదు గాని, సత్యము సగమే కలదని నా అభిప్రాయము. మూడేండ్లు జి.ఎన్.ఎం. చదివి, వార్డులలో కాళ్లు వాచునట్లు నిలిచిన మనిషి నాడి పట్టుట మరువదు. పసిబిడ్డ చేతివెనుక నరమును వెదకు వ్రేలు కొలది దినముల అభ్యాసముతో తన నేర్పును తిరిగి పొందును. సెలైను లెక్కయు మారలేదు: మిల్లీలీటరునకు 20 చుక్కలు పడు సెట్టుతో 500 మిల్లీలీటర్లను నాలుగు గంటలలో ఎక్కింపవలెనన్న నిమిషమునకు 42 చుక్కలు; నాడును అంతే, నేడును అంతే. మరచినదానిని మనిషి అడిగి తెలిసికొనును. భయపడవలసినదెల్ల, చేయి చక్కగా జ్ఞాపకముంచుకొని, ఎవరిని అడుగకయే చేసివేయు పాతపనిని గూర్చియే.

గుండె ఆగిన రోగి కడకు పరుగెత్తిన పాతకాలపు నర్సు, తాను నేర్చిన వరుసలో, ముందు శ్వాసమార్గము సరిచేసి, ఊపిరి యూది, ఆ పిమ్మట ఛాతీపై చేయి వేయును. 2010 నుండి ఆ వరుస మారి, ఛాతీ నొక్కుటయే మొదటిపని యైనది. పదిహేను నొక్కులకు రెండు శ్వాసలన్న లెక్క అంతకు ముందే, 2005లో, ముప్పదికి రెండుగా మారియుండెను. వార్డు మూలనున్న చెత్తబుట్టలును మునుపటివి కావు: 2016 నిబంధనల ప్రకారము రక్తము తడిసిన దూది పసుపుబుట్టలోనికి, సెలైను గొట్టము ఎర్రదానిలోనికి, సూది తెల్లని గట్టిడబ్బాలోనికి, గాజుసీసా నీలిదానిలోనికి పోవలెను.

వీనన్నిటికంటె నన్ను కలవరపెట్టునది ఇన్సులిను. మనదేశమున చిరకాలముగా వాడుకలో నున్న సీసాలో మిల్లీలీటరునకు 40 యూనిట్లుండును. దానికి ఎర్రమూత సిరంజి. నూరు యూనిట్ల మందును నేడు విస్తారముగా వచ్చుచున్నది. దానికి నారింజరంగు మూత సిరంజి. ఏండ్ల తరబడి ఎర్రమూతకు అలవడిన చేయి, నూరు యూనిట్ల మందును ఆ సిరంజితోనే ఇరువది గీత వరకు తీసెనేని, రోగి దేహములోనికి పోవునది ఇరువది కాదు, ఏబది యూనిట్లు! రాత్రి రెండు గంటలవేళ చక్కెర పడిపోయి, చెమటలు గ్రమ్మి, పలుకరించినను పలుకని ఆ రోగికి అపకారము చేసినది అజ్ఞానము కాదు, అభ్యాసము. మందు తీయు క్షణమున ప్రక్కనున్న చిన్న నర్సు, "అక్కా, జర చూడు, ఇది నలభైది కాదు, నూరుది" అని చెప్పగలిగినచో ఎంత మేలు! అట్లు చెప్పువారు ప్రక్కన నుండునట్లు చూచుటయే పునఃశిక్షణమునకు ప్రాణమని నేను నమ్ముచున్నాను.

ప్రసవగదియందును అంతే. జనగామ చంపక్‌హిల్స్ మాతాశిశు ఆసుపత్రి వంటి చోట చేరబోవు నర్సు, తొలిచూలు తల్లులకందరకు ప్రసవద్వారమున కోత (ఎపిసియోటమి) వేయుట ఆచారముగా సాగిన కాలమున పని నేర్చినదైనచో, 2018 నాటికే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వలదన్నదని ఎరుగవలెను. బిడ్డ పుట్టగనే బొడ్డు కోయక, ఒకటి నుండి మూడు నిమిషములు ఆగవలెనని ఎరుగవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవని తేలిన తెలంగాణమునకు, సహజ ప్రసవమును ఓర్పుతో నడుపగల చేతులు ఎన్ని యున్నను చాలవు. 2017లో కరీంనగరమున ఆరంభమైన మంత్రసాని శిక్షణకై, అనుభవముగల నర్సులే పదునెనిమిది నెలలు మరల విద్యార్థినులై కూర్చుండిరి. వారికి అది చిన్నతనము కాలేదు.

బ్రిటనులో మూడేండ్లలో 450 గంటల పని చూపలేని నర్సు, మరల శిక్షణ పొందియో, పరీక్ష నెగ్గియో గాని రిజిస్టరులో నిలువజాలదు. మన నర్సింగు కౌన్సిలును ఐదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపుమనియు, అందులకు 150 గంటల నిరంతర విద్య కావలెననియు విధించినది. గంటల లెక్క మంచిదే. కాని కుర్చీలో కూర్చుండి ఉపన్యాసము విన్నంతమాత్రమున చేతి అలవాటు మారదు. చేయి పట్టి దిద్దువారు కావలెను.

అందులకు వేరొక భవనమైనను అక్కరలేదు. వైద్య కళాశాలలకెల్ల నైపుణ్య శిక్షణశాల యుండవలెనని జాతీయ వైద్య కమిషను నియమము. కావున ఈ మూడు జిల్లాల దవాఖానల సూపరింటెండెంట్లకును, నర్సింగు సూపరింటెండెంట్లకును నా విన్నపమిది: విద్యార్థులు వెళ్ళిన సాయంకాలములందు ఆ గది తలుపులు, మరల కొలువునకు రాదలచిన నర్సులకై తెరువుడు, బొమ్మ ఛాతీపై నొక్కించి చూడుడు, రెండు రంగుల సిరంజులు చేతికిచ్చి మందు తీయించి చూడుడు, కొలువున చేరిన తొలినెల ఆమెకు ఒంటరిగా రాత్రి డ్యూటీ వేయకుడు. చేరబోవు సోదరీమణులారా, మీరును పిలుపు వచ్చువరకు ఆగక, ముందుగా మీ రిజిస్ట్రేషను ఏ ఏటి వరకు కలదో తీసి చూచుకొనుడు.