నమీ ఖబర్

మా అమ్మీకి మౌసమ్ ఖబర్ చెప్పేది ఉప్పు మర్తబాన్. ఉప్పు చెమ్మగిల్లితే చాలు, ఛత్ మీద ఆరేసిన మిరపకాయలు ఇంట్లోకొచ్చేస్తాయి. "హవా మే నమీ హై బేటా" అంటుంది.

2020 అక్టోబర్ 13న కూడా అన్నది. నేను వినకుండా డ్యూటీకి పోయిన. ఆ రాత్రి హైదరాబాద్‌లో కురిసిన బారిష్‌కి మా గల్లీ వాగైంది. మర్హూమ్ అబ్బా ఉర్దూ కితాబుల సందూక్ నీళ్లల్ల నానిపోయింది. ఊరందరికీ సైలాబ్ ఖబర్ రాసినవాణ్ణి, నా ఇంటిని కాచుకోలేకపోయిన.

మొన్న మా ఆపా కొడుకు వచ్చి ఛత్ మీద అరచేయంత యాంటెన్నా బిగించాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు.

"ఇదేంది బేటా?"

"జీపీఎస్ రిసీవర్ మామూ. దీంతో నమీ కొలుస్తా."

దారి చూపే జీపీఎస్‌కి నమీతో ఏం రిష్తా? వాడు చెప్పింది ఇదీ. ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైనుంచి సిగ్నల్ పంపుతాయి. హవాలోకి దిగాక సిగ్నల్‌కి కొంచెం దేర్ అవుతుంది. ఆ దేర్‌ని దూరంగా లెక్కేస్తే, నెత్తిమీది ఉపగ్రహానికి సముద్రమట్టం దగ్గర పొడి హవా వల్లనే దాదాపు 2.3 మీటర్లు. నీటి ఆవిరి వల్ల ఇంకొన్ని సెంటీమీటర్లు. ఇంకా పైన అయనోస్ఫియర్ పెట్టే దేర్‌ని రెండు ఫ్రీక్వెన్సీలు పోల్చి తీసేస్తారు. హవా దబావ్ కొలిచి పొడి హవా హిస్సా తీసేస్తే నమీ హిస్సా మిగులుతుంది. అది సుమారు ఆరున్నర సెంటీమీటర్లుంటే, నెత్తిమీది ఆవిరంతా నీళ్లయితే ఒక సెంటీమీటర్ లోతు అన్నట్టు.

దారి వెతికేవాళ్లకి ఆ దేర్ ఒక గలతీ. మౌసమ్ చూసేవాళ్లకి అదే ఖబర్. 1992లోనే మైకేల్ బెవిస్, ఆయన సాథీలు ఈ తరీఖా రాసిపెట్టారు. అప్పట్లో రిసీవర్లు చాలా మహంగీ. ఇప్పుడు రెండు ఫ్రీక్వెన్సీలు వినే రిసీవర్లు చవకగా దొరుకుతున్నాయి. బేగంపేటలో మౌసమ్ గుబ్బారా ఎగిరేది మామూలుగా రోజుకి రెండుసార్లే. ఇది ప్రతి కొన్ని నిమిషాలకూ లెక్క చెప్తుంది. మొహల్లాకొకటి పెట్టుకుంటే నమీ ఎటు జమవుతోందో తెలుస్తుంది.

అమ్మీ అంతా విని అడిగింది: "కల్ బారిష్ ఆతీ క్యా?"

"అది చెప్పదు నానీ. పైన నమీ ఎంతుందో చెప్తుంది, అంతే. బారిష్ పడాలంటే హవా పైకి లేవాలి, చల్లబడాలి."

"మా నమక్ కూడా అంతే చెప్తది కదరా!"

"మర్తబాన్‌కి వంటింటి హవానే తెలుసు నానీ. దీనికి ఆస్మాన్ దాకా తెలుసు. నువ్వు పడుకున్నా ఇది చూస్తనే ఉంటది."

ఆ సాయంత్రం మగ్రిబ్ తర్వాత లాప్‌టాప్‌లో గీత పైకి పోతా ఉంది. అమ్మీ మర్తబాన్ మూత తీసి చూసింది. ఏమీ అనలేదు, నా దిక్కు చూసింది. నేనూ భాంజా కలిసి, మిగిలిన కితాబులున్న సందూక్‌ని అటక మీదికి ఎక్కించినం.

ఆ రాత్రి చుక్క కూడా పడలేదు. పొద్దున దించుదామంటే అమ్మీ వద్దన్నది. "ఉండనీ బేటా, బారిషోఁ కే దిన్ హైఁ."