రవ్వ ముద్ద లేని మృదంగం
జంషెడ్‌పూర్‌లోని కద్మాలో ఆ తెలుగింటి తండ్రికి మృదంగం ప్రాణం. కొడుక్కి టీవీకి తగిలించే వీడియో గేమ్. తండ్రి 'డబ్బా మోత' అని తీసిపారేసిన ఆ శబ్దం నిజానికి పిసినారితనపు పనితనం. 1983లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ చిప్‌లో ఒక్కో డ్రమ్ము దెబ్బకు దక్కేది మహా అయితే 4,081 బైట్లు. అందుకే కొందరు స్వరకర్తలు ఒకే దెబ్బను రికార్డు చేసుకుని, చిప్‌లో ఉన్న 16 వేగాల్లో కావలసినవి వాడుకున్నారు. వేగం సగమైతే శ్రుతి ఒక స్థాయి దిగుతుంది. 1988 నాటి సూపర్ మారియో బ్రోస్ 3లో మోగేవి ఈ బాపతు డ్రమ్ములే.

ఏళ్ల తర్వాత కొడుకు తండ్రి వాయించిన దెబ్బనే అలా దించి వినిపించాడు.

''ఎడమవైపు రవ్వ ముద్ద పెట్టకుండానే దించేశావే! కానీ మోత రెండింతలు సాగుతోంది. తాళం తప్పదూ?'' పెద్దాయన సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

''తోక కత్తిరించేస్తాను నాన్నా.''

''మరీ పొట్టిగా కొయ్యకు. నాదం చచ్చిపోద్ది.''