నా శిష్యుని తరిమెన

తెలుగున 'తరిమెన' అను చక్కని మాట ఒకటి కలదు. కొయ్యను గుండ్రముగా చెక్కు సాధనమునకు అది పేరు. మంచపుకోళ్లను తరిమెన పట్టించిరని మా పెద్దలు చెప్పుకొనెడివారు. నేడు ఆ మాట మరుగుపడి, దాని స్థానమున లేత్ అను మాట నిలిచినది. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దార్థములు బోధించితిని గాని, లోహమును చెక్కు తరిమెన ఎదుట ఒక పూట నిలిచి చూచినది మాత్రము ఉద్యోగము విరమించిన తరువాతనే.

గత వేసవిలో మా బావి గిలక ఇరుసు అరిగిపోగా, ప్రొద్దుటూరిలోని ఒక లేత్ షాపునకు పోయితిని. "రండి అయ్యవారూ, కూర్చోండి" అని స్టూలు వేసినవానిని వెంటనే గుర్తింపలేకపోయితిని. పేరు చెప్పగానే తల వాలిపోయినది. ఎనిమిదవ తరగతిలో నేను పద్యమునకు ప్రతిపదార్థము చెప్పుచుండగా, అతడు బల్లక్రింద సైకిలు పుల్లలతో చేసిన చక్రమొకటి త్రిప్పుచుండెను. దానిని లాగి కిటికీ వెలుపలికి విసరితిని. "ఇనుము గీకుటకు తప్ప దేనికిని పనికిరావు" అని కూడ అంటిని.

అతని లేత్ పాతది. 1953లో బెంగుళూరున స్థాపింపబడిన హిందూస్థాన్ మెషిన్ టూల్స్ వారు చేసినది. ఆనాడు అతడు దానికి కొత్త టూల్ పోస్టు అమర్చు సన్నాహములో నుండెను. టూల్ పోస్టనగా ఉలిని పట్టియుంచు స్తంభము. తరిమెన పట్టువాడు ఉలిని చేతనే పట్టును. ఏటికొప్పాక బొమ్మల పనివారు నేటికిని అట్లే పట్టుదురు. ఇనుమునకు చేతిబలము చాలదు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే అను యంత్రశిల్పి 1800 ప్రాంతమున ఉలిని యంత్రముమీదనే బిగించి, మరలతో జరుపు పద్ధతిని స్థిరపరచెను.

అయినను ఒక చిక్కు మిగిలినది. ఉలిమొన, తిరుగు కడ్డీ నడిమి ఎత్తుననే యుండవలెను. దిగువగా నున్నచో కడ్డీ ముఖమును చదును చేయునపుడు నట్టనడుమ బొడిపె మిగులును; ఎగువగా నున్నచో కోయక రాచుకొనును. పాత పోస్టులో ప్రతి ఉలిక్రిందను రేకుముక్కలు పేర్చి ఎత్తు సరిచేయవలెను. నూరి బిగించినపుడెల్ల మరల అదే పేర్పు. కొత్తదానిలో ఉలికొక హోల్డరు. దాని ఎత్తును మరతో ఒకసారి నిర్ణయించిన చాలును. స్తంభపు గాడిలోనికి జార్చి పిడి త్రిప్పగనే లోపలి ఏటవాలు ఉక్కుముక్క దానిని గట్టిగా పట్టును. తీసి మరల పెట్టినను మొన ఆ ఎత్తునకే వచ్చును.

"ఇక పాతదానిని విప్పరాదా?" అంటిని.

"విప్పితే పని ఆగిపోతుంది, అయ్యవారూ. కొత్తదాని అడుగుపలక మన లేత్ గాడిలో పట్టదు. దాన్ని చెక్కాల. చెక్కేందుకు పాతదే కావాల."

లేత్‌కొక కొలత గాడి యుండుటచే ఆ పలకను కావలసినదానికంటె మందముగా చేసి పంపుదురట. అతడు దానిని నాలుగు దవడల చక్కులో బిగించి, కొంచెము కొంచెముగా చెక్కుచు, గాడి మూతిలో పెట్టి చూచుచుండెను. పాత పోస్టు చివరగా చేసిన పని తన తరువాతివానికి పీట సిద్ధపరచుట!

ఇంతలో పులివెందుల వైపు రైతొకడు అరిగిన బుష్‌లు మూటకట్టుకొని వచ్చెను. "అబ్బీ, మూడు దినాలాయ బోరు నిలిచి. చీనీచెట్లు వాడిపోతాండాయి" అనెను. నా శిష్యుడు బుష్‌లు లెక్కించి, "గంటసేపు కూర్చో మామా" అని పలక పనిలోనే మునిగెను.

నాకు కోపము వచ్చినది. చెట్లు ఎండుచుండగా ఈ ముచ్చట ఏల? మందలింపబోయి, ఆ కిటికీ జ్ఞప్తికి వచ్చి నోరు మూసుకొంటిని. అతడు నా ముఖము చూచి, "పది అంచెల పంపు, అయ్యవారూ. పది బుష్‌లు. ఒక్కోదానికి నాలుగు ఉలులు మార్చాల" అనెను. నలువది మార్పులు! లెక్క నాకును తెలిసినది.

పలక గాడిలో కూర్చున్నది. పాత స్తంభము దిగి కొత్తది నిలిచినది. అతడు ఉలిమొనకును గుండ్రని కడ్డీకిని నడుమ ఉక్కు స్కేలు నొక్కి చూపెను. స్కేలు నిటారుగా నిలిచిన మొన సరిగా నడుమనున్నట్లు. పైకొన మనవైపు వాలిన మొన దిగువ, అవతలికి వాలిన ఎగువ. నాలుగు ఉలులకును అట్లే సరిచూచి మరలు బిగించెను.

తరువాత చదును చేయుట, పైన చెక్కుట, రంధ్రము తొలుచుట, కోయుట వరుసగా సాగినవి. పిడి 'టక్కు'మనుట, కంచు పొట్టు రాలుట తప్ప మాటలు లేవు. ప్రొద్దు వాలకముందే రైతు పది బుష్‌లను తువ్వాలులో మూటగట్టుకొని బస్సుకు పరుగెత్తెను.

అప్పుడు మెల్లగా, "నాడు నీ చక్రమును పారవేసితిని" అంటిని.

"సాయంత్రం పోయి వెతికి తెచ్చుకుంటి, అయ్యవారూ" అని నవ్వి, నా గిలక ఇరుసును చక్కులో బిగించెను.