సైకిల్‌కు చోటిచ్చిన పేట
పాత కోల్‌కతా తరిమిన రెండు చక్రాల బండిని పొరుగునే ఉన్న న్యూ టౌన్ ఆదరించింది. పరుగు వీరులకూ అదే అడ్డా. ఇక తేలాల్సింది ఆ దారి ఎవరిదన్నదే

జూన్‌లో హైదరాబాద్ ఇంకా ముసుగు తీయని వేళకే కోల్‌కతాలో తెల్లవారిపోతుంది. తూర్పున ఉన్న నగరం కావడంతో ఐదు గంటలు కాకముందే సూర్యోదయం. ఏడు దాటితే ఉక్కపోత మొదలవుతుంది కాబట్టి ఉన్న ఆ రెండు గంటలే బంగారం. విమానాశ్రయానికి చేరువలో, నగరం ఈశాన్య అంచున ఉన్న న్యూ టౌన్‌లో ఆ రెండు గంటలనూ పూర్తిగా వాడుకునేది పరుగు తీసేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు.

పాత కోల్‌కతాలో నడకకు మైదాన్ ఉంది, రవీంద్ర సరోవర్ ఉంది. సైకిల్ సంగతే వేరు. ట్రాఫిక్‌కు అడ్డమంటూ 2013లో అక్కడి పోలీసులు 174 రోడ్లపై సైకిళ్లనూ ఇతర మోటారు లేని బళ్లనూ నిషేధించారు. పాలవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, చిల్లర వ్యాపారులు వీధికెక్కాక నిషేధిత రోడ్ల సంఖ్య తగ్గింది కానీ నిషేధం మాత్రం పోలేదు. 2020లో కరోనా వచ్చి బస్సులు ఆగిపోయినప్పుడు అదే సైకిల్ మళ్లీ అందరికీ గుర్తొచ్చింది, ఆంక్షలు కొంత సడలాయి.

న్యూ టౌన్‌ది ఇందుకు పూర్తిగా భిన్నమైన కథ. 1999లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిడ్కో రాజార్హాట్ ప్రాంతంలోని పొలాలు, చేపల చెరువులు సేకరించి గీత గీసినట్టు కట్టిన పేట ఇది. ఇళ్లు, ఆఫీసులు ఉన్న ప్రాంతాలను యాక్షన్ ఏరియాలుగా విభజించారు. వీధులు వెడల్పు, మలుపులు తక్కువ. డెల్టా నేల కావడంతో ఫ్లైఓవర్ ఎక్కితే తప్ప ఎత్తు అనేదే తగలదు. గేర్లు లేని సైకిల్‌తోనూ గంటలో ఊరు చుట్టేయవచ్చు. ప్రధాన రోడ్ల పక్కన కొన్ని చోట్ల సైకిళ్లకు ప్రత్యేక దారులూ వేశారు.

అన్నిటికన్నా పేరున్నది విశ్వ బంగ్లా సరణి. సాల్ట్ లేక్ వైపు నుంచి విమానాశ్రయం దిక్కుగా సుమారు పది కిలోమీటర్లు సాగే ఈ రోడ్డుకు ఇరువైపులా సర్వీస్ రోడ్లున్నాయి. నారికేల్‌బాగాన్ కూడలిలో నాలుగు కాళ్లపై నిలబడ్డ విశ్వ బంగ్లా గేటు, గాలిలో వేలాడే దాని గుండ్రటి రెస్టారెంటు ఇక్కడి మైలురాయి. చాలామంది అక్కడ మొదలుపెట్టి ఉత్తరాన ఎకో పార్కు వరకు వెళ్లి వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు సిటీ సెంటర్ 2 దాకా లాగిస్తారు. మధ్యలో మెట్రో స్తంభాలు తోడు వస్తాయి. నిర్మాణం సాగే చోట్ల దారి ఇరుకై దుమ్ము రేగుతుంటుంది.

రెండో దారి ఎకో పార్కు. 2012 డిసెంబరులో ప్రారంభమైన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 480 ఎకరాలు. అందులో వంద ఎకరాలకు పైనే చెరువు. లోపల అద్దెకిచ్చే సైకిళ్లు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకు సరదా. తాజ్‌మహల్, పిరమిడ్ నమూనాల ముందు ఫొటో దిగి సాగిపోవచ్చు. సోమవారం మాత్రం సెలవు.

రద్దీ గిట్టనివాళ్లది మూడో దారి. యాక్షన్ ఏరియా 3లో సాపూర్జీ కాలనీ దాటి పాథర్‌ఘాటా, భాంగర్ వైపు వెళ్లేకొద్దీ అపార్ట్‌మెంట్లు పలచబడి వరి మళ్లు, చేపల చెరువులు, అరటి తోటలు కనిపిస్తాయి. న్యూ టౌన్ మొత్తం ఒకప్పుడు ఎలా ఉండేదో చూడాలంటే ఈ దారే పట్టాలి.

అసలు విషయం కూడా ఈ దారిలోనే అర్థమవుతుంది. తెల్లవారుజామున హెల్మెట్, బిగుతు దుస్తులతో ఖరీదైన సైకిల్‌పై ఊరి బయటికి వెళ్లేవారికి ఎదురుగా మరో సైకిళ్ల బారు ఊళ్లోకి వస్తుంటుంది. తాపీ మేస్త్రీలు, సెక్యూరిటీ గార్డులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, వెనక అల్యూమినియం గిన్నెలో చేపలు కట్టుకున్న వ్యాపారులు వారంతా. ఘూనీ, జాత్రాగాఛీ, పాథర్‌ఘాటా వంటి పాత గ్రామాల నుంచి వచ్చేవాళ్లు వీరిలో చాలామంది. ఈ రోడ్ల కింద ఉన్నది ఒకప్పుడు ఆ గ్రామాల పొలాలే. భూములు కారుచౌకగా తీసుకున్నారన్న ఆరోపణలు ఏళ్ల తరబడి వినిపించాయి. ఇక 2015లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సబూజ్ సాథీ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్లు వస్తున్నాయి. అంటే ఈ ఊరి దారులపై వ్యాయామం కన్నా అవసరమే ఎక్కువగా పెడల్ తొక్కుతోంది.

కేంద్రం 2020లో నిర్వహించిన ‘సైకిల్స్ ఫర్ ఛేంజ్’ పోటీలో ఎంపికైన 11 నగరాల్లో న్యూ టౌన్ ఒకటి. మన వరంగల్ కూడా అదే జాబితాలో ఉంది. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. అది చూడముచ్చటైనదే. అయితే దానిపై ఎక్కువగా సాగేది వారాంతపు సవారీ. న్యూ టౌన్ దారులు పనికి వెళ్లే చోటికి తీసుకెళ్తాయి. వాటి విలువ అక్కడే ఉంది, వాటి లోపం బయటపడేదీ అక్కడే. కూడలి వచ్చేసరికి సైకిల్ దారి మాయమై కార్ల మధ్యకు తోసేస్తుంది. కొన్ని చోట్ల దారి మీదే కార్లు ఆపుతారు, టీ బళ్లు పెడతారు. వ్యాయామానికి వచ్చినవారు ఆ రోజుకు వేరే దారి చూసుకుంటారు. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాల్సిన గార్డుకు ఆ వెసులుబాటు లేదు.

వెళ్లాలనుకునేవారికి దసరా పూజలు ముగిశాక నవంబరు దాకా, మళ్లీ ఫిబ్రవరిలో అనుకూలం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో చలి హాయిగా ఉన్నా పొగమంచుతో కలిసిన కాలుష్యం ఊపిరితిత్తులకు మంచిది కాదు. వానాకాలంలో నీళ్లు నిలిచే రోడ్లతో జాగ్రత్త. హైదరాబాద్ నుంచి విమానంలో వస్తే దిగిన కాసేపటికే న్యూ టౌన్. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరా చేరుస్తుంది, అక్కడి నుంచి నగరం దాటి రావాలి.

పరుగు ముగించాక మట్టి కప్పులో చాయ్, వేడి కచోరీ ఎలాగూ ఉంటాయి. ఆ బడ్డీ పక్కన రెండు రకాల సైకిళ్లూ ఒకే గోడకు ఆని నిలబడతాయి. ఒకదాని ధరతో రెండోది ఓ ఇరవై కొనవచ్చు. రెండింటికీ కావలసింది మాత్రం ఒకటే. కూడలి దగ్గర కూడా తెగిపోని దారి.