వడకట్టని అనాస

పైనాపిల్‌ని తెలుగులో అనాస అంటారని నాకు ఇంటర్ దాకా తెలీదు. స్కూల్లో పి ఫర్ పైనాపిల్. జ్యూస్ బండి మీద కూడా పైనాపిలే. మా అమ్మమ్మ ఒక్కతే 'అనాసపండు' అనేది. తర్వాత చదివితే తెలిసిందేంటంటే, ప్రపంచంలో చాలా భాషల్లో ఉన్నది అమ్మమ్మ మాటే. దక్షిణ అమెరికాలో తుపీ భాషల వాళ్ళు పెట్టుకున్న పేరది. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో పండుతో పాటు పేరు కూడా మన దేశానికి వచ్చేసింది. ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో, అరబిక్‌లో, హిందీలో దాదాపు ఇదే మాట. స్పెయిన్ వాళ్ళు మాత్రం ఆ పండుని 'పిన్యా' అంటారు.

ఈ వ్యాసం ఆ పిన్యా గురించే. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే పిన్యా కొలాడా గురించి. ఆగండి, సాహిత్య క్లబ్ పత్రికలో మందు గురించి ఏంటి అనకండి. ఇది మందు తీసేయడం గురించి.

పిన్యా కొలాడా అంటే స్పానిష్‌లో 'వడకట్టిన అనాస'. కరేబియన్ సముద్రంలో పోర్టో రీకో అనే దీవి ఉంది. అక్కడి శాన్ హువాన్ నగరంలో కరీబే హిల్టన్ హోటల్లో రమోన్ మర్రెరో అనే బార్‌టెండర్ 1954లో దీన్ని తయారు చేశాడని ఆ హోటల్ వాళ్ళంటారు. కాదు, 1963లో మా దగ్గరే పుట్టిందని అదే ఊళ్ళో బర్రచినా అనే రెస్టారెంట్ గోడకి ఫలకం పెట్టుకుంది. ఆ గొడవ ఇంకా తేలలేదు. 1978లో మాత్రం పోర్టో రీకో దీన్ని తన అధికారిక పానీయంగా ప్రకటించుకుంది. ఇంటర్నేషనల్ బార్‌టెండర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం ఒక గ్లాసుకి తెల్ల రమ్ము 50 మిల్లీలీటర్లు, కొబ్బరి క్రీమ్ 30, తాజా అనాస రసం 50. ఐస్‌తో కలిపి బ్లెండ్ చేస్తారు. అంతే.

కొబ్బరి, అనాస! ఇది చదివినప్పుడు నాకు ఆ దీవి మా కోనసీమ పక్కనే ఉన్నట్టు అనిపించింది.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్న మందు మానేసి 14 నెలలైంది. (నాన్నని అడిగే రాస్తున్నా. "పేరు వెయ్యకమ్మా, మిగతాది రాసుకో" అన్నారు.) ఫ్యాటీ లివర్ ముదిరిందని, మందు పూర్తిగా ఆపాలని, స్వీట్లు కూల్‌డ్రింకులు కూడా బాగా తగ్గించాలని డాక్టర్ చెప్పారు. నాన్న ఆపేశారు. ఎంత కష్టపడ్డారో అమ్మకి తెలుసు. నేను హాస్టల్లో ఉన్నా కాబట్టి నాకు సగమే తెలుసు.

కానీ మందుతో పాటు ఇంకోటి కూడా ఆగిపోయింది. నాన్న మనుషుల్లోకి వెళ్ళడం మానేశారు. పెళ్ళిళ్ళకి వెళ్ళి భోజనం చేసి వెంటనే వచ్చేసేవారు. పండగలప్పుడు డాబా మీద బాబాయ్‌లు, మావయ్య, ఆయన చిన్నప్పటి ఫ్రెండ్స్ కూర్చుంటే, నాన్న ఎనిమిదింటికే కిందకి దిగి టీవీ ముందు కూర్చునేవారు. ఎందుకని ఒకసారి ఫోన్లో అడిగా. "చేతిలో గ్లాసు లేకపోతే ప్రతి ఒక్కడూ అడుగుతాడమ్మా. ఎన్నిసార్లని చెప్తాను?" అన్నారు.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రాజెక్టులోంచి పనికిరాని లైబ్రరీ ఒకటి తీసేస్తాం. తీసేశాక తెలుస్తుంది, సంబంధం లేదనుకున్న ఫంక్షన్లు ఎన్ని దాని మీద ఆధారపడి నడుస్తున్నాయో. నాన్న తీసేసింది మందే. దాని మీద నడుస్తున్నవి స్నేహాలు, పేకాట, పాత కబుర్లు. వాటికి ఇంకో ఆధారం కావాలి. మంచినీళ్ళ గ్లాసు సరిపోదు, అది చూడగానే "ఏంటి, మానేశావా?" అని మొదలు. కూల్‌డ్రింక్ వద్దు, 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైనే పంచదార ఉంటుంది.

అలా నేను పిన్యా కొలాడా దగ్గరికి వచ్చా. దాన్నే ఎంచుకోవడానికి ముఖ్య కారణం, నాన్న జీవితంలో ఎప్పుడూ అది తాగలేదు. ఆయనది బ్రాందీ. రమ్ము వాసన వచ్చే ఎసెన్సులు, ఆల్కహాల్ లేని బీర్లు దొరుకుతాయి. కానీ మానేసిన మనిషికి ఆ వాసనే పాత దారి గుర్తుచేయొచ్చు. నాకు కావలసింది మందులా ఉండే డ్రింక్ కాదు. గ్లాసులో గౌరవంగా ఉండి, దేన్నీ గుర్తుచేయని డ్రింక్.

తర్వాత ఒక్కో పార్టూ విప్పి చూశా. ముందు కొబ్బరి క్రీమ్. బార్లలో వాడే డబ్బా క్రీమ్‌లో పంచదార బాగా దట్టిస్తారు. చల్లటి వాటిలో తీపి నాలుకకి తక్కువ తెలుస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ వేస్తారు. దాని బదులు లేత కొబ్బరి, బొండం నీళ్ళు, కొంచెం ఇంట్లో తీసిన కొబ్బరిపాలు. కొంచెమే ఎందుకంటే కొబ్బరిపాలలో కొవ్వు బాగానే ఉంటుంది. ఆ చిక్కదనం లేత కొబ్బరే ఇస్తుంది.

హెల్తీ వెర్షన్ అనగానే వీడియోల్లో అందరూ పెరుగు వేసేస్తారు. అక్కడో చిక్కుంది. పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రోటీన్లని ముక్కలు చేస్తుంది. పాలలో, పెరుగులో ఉండే ప్రోటీన్ అలా ముక్కలైతే చేదు పుడుతుంది. జ్యూస్ షాపులో పైనాపిల్ మిల్క్‌షేక్ చివరి గుక్క చేదుగా ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందా? అనాస ఎక్కువ తిన్నప్పుడు నాలుక మండటంలో కూడా దీని చెయ్యి ఉంది. వేడి చేస్తే ఆ ఎంజైమ్ పని చేయదు, అందుకే డబ్బా అనాసతో ఈ సమస్య రాదు. కొబ్బరిపాలలో ఆ పాల ప్రోటీన్లు ఉండవు కాబట్టి చేదు భయం పెద్దగా లేదు. శాన్ హువాన్ బార్‌టెండర్ ఈ కెమిస్ట్రీ చదివాడో లేదో గానీ, జోడీ మాత్రం భలే కుదిర్చాడు.

ఇక రమ్ము. అందులో అది చేసే పనులు రెండు. తీపిని, కొవ్వుని కోసే ఘాటు ఇవ్వడం, మనిషి గబగబా తాగకుండా ఆపడం. ఘాటుకి అల్లం రసం, నిమ్మకాయ, మిరియం. నెమ్మదిగా తాగించడానికి చిక్కదనం.

చివరిది ఆ 'కొలాడా', అంటే వడకట్టడం. వడకడితే పీచు పోయి తీపి నీళ్ళే మిగులుతాయి. కాబట్టి వడకట్టకూడదు. రమ్మూ లేదు, వడకట్టడమూ లేదు. పేరులో సగం, గ్లాసులో మూడో వంతు ఎగిరిపోయాయి.

రెండు గ్లాసులకి లెక్క ఇది. బాగా పండిన అనాస ముక్కలు 200 గ్రాములు, మధ్యలో గట్టి కాడ తీసేసి, ముందు రాత్రే ఫ్రీజర్లో పెట్టాలి. ముక్కలే ఐస్ అయితే వేరే ఐస్ అక్కర్లేదు, రుచి పల్చబడదు. ఒక బొండంలోని లేత కొబ్బరి, అర గ్లాసు బొండం నీళ్ళు, నాలుగు స్పూన్లు చిక్కటి కొబ్బరిపాలు, అర చెక్క నిమ్మరసం, అర స్పూను అల్లం రసం, చిటికెడు ఉప్పు. మిక్సీ జార్‌లో ముందు నీళ్ళు, పాలు, లేత కొబ్బరి వేసి తిప్పాలి. తర్వాత గడ్డకట్టిన ముక్కలు కొన్ని కొన్నిగా వేయాలి, లేకపోతే బ్లేడు తిరగదు. పైన మిరియాల పొడి. పంచదార వద్దు. 100 గ్రాముల అనాసలో దాదాపు 10 గ్రాముల చక్కెర ముందే ఉంది. అందుకే ఇది కూడా ఒక్క గ్లాసే, రోజూ కాదు.

కనుమ రాత్రి ట్రే పట్టుకుని డాబా ఎక్కా. పొడుగు గ్లాసులు, అంచుకి అనాస ముక్క. నాన్నకి ఒక్కరికే ఇస్తే మళ్ళీ అదే ప్రశ్న వస్తుందని అందరికీ చేశా, 11 గ్లాసులు. మావయ్య చూసి "అదేంటి బావా, తెల్లగా?" అన్నారు.

"పిన్యా కొలాడా. పోర్టో రీకోది. నీకు తెలీదులే" అన్నారు నాన్న.

అందరూ నవ్వారు. ఒకరిద్దరు తాగి బాగుందన్నారు. మావయ్య సగం తాగి, ఆయన సీసా ఆయన తీసుకున్నారు. మా డ్రింక్ వల్ల ఎవరూ ఏదీ మానెయ్యలేదు, అలాంటి కథ కాదు ఇది. కానీ ఎవరూ నాన్నని అడగలేదు. నాన్న పదకొండింటి దాకా పైనే ఉన్నారు. పేకాట ఆడారు. 1986 గోదావరి వరదల్లో గేదెల్ని డాబా ఎక్కించిన కథ మళ్ళీ చెప్పారు. నేను చాలా రోజుల తర్వాత విన్నా. అమ్మ ఏదో పనున్నట్టు మూడుసార్లు మెట్ల దాకా వచ్చి, ఆయన నవ్వు విని కిందకి వెళ్ళిపోయింది.

మన హాస్టల్ పార్టీల్లో కూడా గ్లాసు లేకుండా నిలబడే వాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. కారణం ఆరోగ్యం కావచ్చు, ఇంటి పరిస్థితి కావచ్చు, ఊరికే ఇష్టం లేకపోవచ్చు. అది మనకి చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు. ఎందుకని అడక్కుండా చేతికో మంచి గ్లాసు ఇవ్వండి చాలు. ఫెస్ట్ అయ్యాక మన క్లబ్ వాళ్ళు కలిసినప్పుడు మిక్సీ ఎవరైనా తెస్తే, బొండాలు నేను తెస్తా. అనాస ముక్కలు మాత్రం ముందు రాత్రే ఫ్రీజర్లో పెట్టాలి, మర్చిపోకండి.