ఊరు మారవలసి వస్తే... మార్కాపురం వైపు ఒక చూపు

ఇల్లు మారడం ఒక రోజు పని. ఊరు మారడం ఒక తరం పని. తాతముత్తాతలు విశ్రమిస్తున్న ఖబరస్తాన్‌ను, పుట్టి పెరిగిన వాకిలిని, పేరు పెట్టి పిలిచే ఇరుగుపొరుగును వదిలి ఒక కుటుంబం కదిలిందంటే దాని వెనుక చిన్న కారణం ఉండదు.

పశ్చిమ ప్రకాశం పల్లెలకు ఈ కదలిక కొత్తది కాదు. వాన మొహం చాటేసిన ఏడాది మెట్ట చేనులో కంది గాని మిరప గాని చేతికి రాదు. బోరు ఎండిపోతుంది, దాని కోసం చేసిన అప్పు మాత్రం ఎండదు. సంక్రాంతి దాటేసరికి మేస్త్రీల వద్ద అడ్వాన్సు తీసుకుని కొందరు గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిరపకాయ కోతలకు, మరికొందరు హైదరాబాదు, బెంగుళూరు నగరాల భవన నిర్మాణ పనులకు తరలిపోతారు. మదర్సాలో పాఠాలు చెప్పుకునే మాకు ఈ సంగతి హాజరు పట్టీలోనే కనిపిస్తుంది. శీతకాలంలో నిండుగా ఉన్న చాపలు మార్చి నాటికి సగం ఖాళీ అవుతాయి. పదవ తరగతి పరీక్షలు కూడా సరిగ్గా ఆ మార్చిలోనే జరుగుతాయి. తల్లిదండ్రుల వెంట కల్లాలకు వెళ్ళిన పిల్లవాడు వేసవి చివర తిరిగి వస్తాడు. వాడితో పాటు చదువు మాత్రం తిరిగి రాదు.

అందుచేత ప్రతి ఏటా మమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతుంటారు: "హజ్రత్, ఎటూ పోక తప్పేలా లేదు. దూరం పోయేకంటే మార్కాపురంలో కాపురం పెట్టుకుంటే ఎలా ఉంటుంది?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి పంపడం న్యాయం కాదు. మాకు తెలిసిన మేరకు ఆ పట్టణం ఏమి ఇస్తుందో, ఏమి తీసుకుంటుందో పాఠకుల ముందు పెడుతున్నాము.

ఎక్కడిదీ పట్టణం?

నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ నది పారే మెట్ట ప్రాంతంలో మార్కాపురం ఉన్నది. ఒకప్పుడు ఇది, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలో భాగాలు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. రెండేళ్ళ తరువాత ఆ జిల్లాకు ప్రకాశం అనే పేరు వచ్చింది. పేరు మారినా దూరం తగ్గలేదు. కలెక్టరు కార్యాలయంలో ఒక కాగితం పని పడితే మార్కాపురం వాసి వంద కిలోమీటర్లకు కాస్త తక్కువగా, గిద్దలూరు వాసి అంతకు ఎంతో ఎక్కువగా ప్రయాణం చేయవలసి వచ్చేది. అందుకే మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలని ఈ ప్రాంతం ఏళ్ళ తరబడి అడిగింది. 2025 నవంబరులో మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం నియోజకవర్గాలతో కొత్త జిల్లా ప్రతిపాదనకు ముఖ్యమంత్రి ఆమోదం లభించింది.

గుంటూరు, నంద్యాల మధ్య సాగే రైలు మార్గంలో 'మార్కాపూర్ రోడ్' స్టేషను ఉన్నది. విజయవాడ మీదుగా హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఇదే దారిన పోతుంది. దోర్నాల మీదుగా శ్రీశైలానికి, పొదిలి మీదుగా ఒంగోలుకు, కంభం మీదుగా గిద్దలూరుకు బస్సులు నడుస్తాయి. చుట్టూ ఉన్న పల్లెవాసి ఉదయం బయలుదేరి పని చూసుకుని మగ్రిబ్ వేళకు ఇల్లు చేరగల దూరంలో ఉన్న పట్టణమిది. మార్కాపురం ఎంచుకోవడానికి ఉన్న కారణాలలో ఈ దగ్గరతనమే మొదటిదని మేము భావిస్తాము.

నీటి మాట

ఈ ప్రాంతపు కుటుంబాలు ఊరు మారడానికి చెప్పే కారణాలలో నీరు ముందుంటుంది. పంట నీటి కంటే తాగునీటిదే పెద్ద బాధ. ఇక్కడి బోరు నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ అధికంగా ఉన్నది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు. ఆ హద్దు దాటిన నీరు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళపై గోధుమ రంగు చారలు, ఆ పిమ్మట నడుము, మెడ, మోకాళ్ళు బిగుసుకుపోవడం కనిపిస్తాయి. పళ్ళు లోపల రూపుదిద్దుకునే చిన్న వయసులోనే పళ్ళకు ఈ హాని జరుగుతుంది గనుక, పసిపిల్లలున్న ఇల్లు ఈ విషయంలో ఆలస్యం చేయరాదు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. నీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు మరింత పెరుగుతుంది. ఎంతోమంది తల్లులు కట్టెలు తగలేసి, నీళ్ళు కాచి, పిల్లలకు మేలు చేస్తున్నామని నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని మనమే సరిదిద్దాలి.

పట్టణానికి నాగార్జునసాగర్ కాలువ నీటిని నిల్వచేసి పంపే ఏర్పాటు ఉన్నది. శుద్ధి యంత్రాల నీరు క్యాన్లలో దొరుకుతుంది. పల్లెతో పోలిస్తే ఇది మేలే. అయితే వేసవిలో కుళాయి ప్రతి రోజూ రాదని, ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులు పట్టణంలోనూ ఉన్నాయని మరువరాదు.

ఈ నేలకు నీటిని కూడబెట్టడం తెలియక కాదు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి విజయనగర రాజుల కాలంలో నిర్మించిన కంభం చెరువు నేటికీ నిలిచి ఉన్నది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. మన కాలపు వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాలను నల్లమల గర్భం గుండా మళ్ళించడానికి ఒక్కొక్కటి సుమారు 19 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగాలు తవ్వారు. ఫ్లోరైడ్ పీడిత పల్లెలకు తాగునీరు ఇవ్వడం ఆ ప్రాజెక్టు ఉద్దేశాలలో ఒకటి. ఆనాడు పుట్టిన బిడ్డలకు ఈనాడు బిడ్డలున్నారు. ఆ నీటి కోసం కనిపెట్టుకుని ఉండలేకనే కుటుంబాలు కదులుతున్నాయి.

పలకల పట్టణం

మార్కాపురం పేరు చెప్పగానే పెద్దవారికి పలక గుర్తుకొస్తుంది. ఒక తరం తెలుగు పిల్లలు 'అ ఆ'లు దిద్దుకున్న నల్లని రాతి పలకలు ఇక్కడి గనుల నుంచి వచ్చినవే. రాయిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి దేశంలోని నలుమూలలకు పంపేవారు. అయితే ఆ వెలుగు కింద ఒక చీకటి కూడా ఉండేది. బడి ఈడు పిల్లలే ఆ కర్మాగారాలలో కూలీలు. లోకమంతటికీ పలకలు చేసి పంపిన చేతులు తమకంటూ ఒక పలక పట్టుకోలేదు. 1987లో వచ్చిన జాతీయ బాలకార్మిక విధానాన్ని అనుసరించి బాలకార్మికుల కోసం తొలి విడతలో ప్రత్యేక పథకాలు చేపట్టిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి.

కాగితం, ప్లాస్టిక్ వచ్చాక రాతి పలకకు గిరాకీ పడిపోయింది. అదే రాయి నేడు గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా మారి విదేశాలకు ఎగుమతి అవుతున్నది. పరిశ్రమ మునుపటంత మందికి పని ఇవ్వడం లేదు గాని, పూర్తిగా ఆగిపోలేదు. దానికి తోడు తాపీ, వడ్రంగం, మోటారు మరమ్మతు, కుట్టుపని, తోపుడుబండి వ్యాపారం, హోటళ్ళు ఉన్నాయి. మన వారిలో ఎక్కువమంది బ్రతుకుతెరువు ఇటువంటి పనులలోనే ఉన్నది. నగరంలో దొరికే కూలి కంటే ఇక్కడ తక్కువ దొరకవచ్చు. కాని నగరపు బాడుగ, రాకపోకల ఖర్చు, పండుగకూ పబ్బానికీ ఊరికి వచ్చిపోయే ఖర్చు తీసివేసి మిగిలినదానినే లెక్కించాలి. వచ్చింది ఎంత అని కాక మిగిలింది ఎంత అని అడిగే ఇల్లాలే ఈ లెక్క సరిగా చేయగలదు.

పలకల చరిత్ర మనకు చెప్పే పాఠం ఇంకొకటి ఉన్నది. పిల్లవాడిని పట్టణానికి తెచ్చి, బడికి పంపక మెకానిక్ షెడ్డులోనో, హోటల్లోనో చేర్చే తండ్రి తన ఊరు మార్చాడే గాని బిడ్డ తలరాత మార్చలేదు. పట్టణంలో బడులు, ఇంటరు, డిగ్రీ కళాశాలలు నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. ముఖ్యంగా ఆడపిల్లకు ఇది పెద్ద మేలు. పల్లెలో పదవ తరగతి కాగానే "బస్సులో అంత దూరం ఎలా పంపుతాము?" అనే మాటతో చాలామంది బిడ్డల చదువు ముగిసిపోతుంది. ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరగలిగితే ఆ మాటకు చోటుండదు. సాయంత్రం మక్తబ్‌లో ఖుర్‌ఆన్ పాఠం, పగలు బడి చదువు రెండూ ఒకే బిడ్డకు అందుతాయి.

బంధం తెగని దూరం

దూర నగరంలో ఉన్నవానికి ఊరి నుంచి మరణవార్త అందితే జనాజా నమాజుకు చేరడం కష్టం. తల్లి జబ్బు పడితే ఫోనులో గొంతు వినడమే తప్ప చెంబెడు నీళ్ళు అందించలేడు. మార్కాపురంలో ఉన్నవాడు బస్సెక్కితే కొద్ది గంటల్లోనే తల్లి మంచం పక్కన ఉంటాడు. చేను కౌలుకిచ్చినా అప్పుడప్పుడు వెళ్ళి చూసుకుంటాడు. రక్త సంబంధాలను కలిపి ఉంచడం మన ధర్మంలో ఐచ్ఛిక విషయం కాదు. అందువల్ల ఊరు మారే కారణాలను తూచేటప్పుడు ఈ దూరాన్ని కూడా త్రాసులో వేయాలి.

కదిలే ముందు

పట్టణం చేయి చాచి పిలుస్తుంది, ఆ చేతితోనే జేబు తడుముతుంది. బాడుగ, కరెంటు బిల్లు, నీళ్ళ క్యాను, చివరికి కొత్తిమీర కట్ట కూడా కొనవలసిందే. పల్లెలో పదిళ్ళ మధ్య తిరిగిన ఇల్లాలు ఇక్కడ తెలియని వీధిలో నాలుగు గోడల నడుమ ఒంటరిదైపోవచ్చు. కాబట్టి కొన్ని జాగ్రత్తలు మనవి చేస్తున్నాము.

ఇల్లు చూడదలచినవారు ఏప్రిల్, మే నెలల్లో చూడాలి. వానాకాలంలో ప్రతి వీధీ బాగానే కనిపిస్తుంది. కుళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో పక్కింటి ఆడవారిని అడగాలి, యజమానిని కాదు. ముందు ఇంటి పెద్ద ఒక్కడు వచ్చి, పని కుదుర్చుకుని, రెండు మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకున్నాకే కుటుంబాన్ని తేవాలి. బదిలీ ధ్రువపత్రం తెచ్చుకుని బడి తెరిచే జూన్ నాటికి పిల్లలను చేర్చాలి. అప్పు తీర్చడానికి పొలం అమ్మి పట్టణం చేరే తొందర వద్దు. మెట్ట చేను నేడు విలువ లేనిదిగా కనిపించినా అది ఇంటికి చివరి ఆసరా. అన్నింటికీ మించి, వృద్ధ తల్లిదండ్రుల సంగతి తేల్చకుండా మూట కట్టరాదు. వారు వస్తామంటే వెంట తేవాలి. రాలేమంటే ఎవరు చూస్తారో, నెలకు ఎంత పంపాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి. సలహా తీసుకోవడం, ఇస్తిఖారా చేయడం ఈ దశలోనే తగినవి. సామాను బండికి ఎక్కించాక అడిగే సలహా వల్ల ప్రయోజనం లేదు.

పట్టణవాసుల బాధ్యత

వలస వచ్చేవారికే కాదు, ముందు నుంచి ఉన్నవారికీ మదీనా చరిత్రలో పాఠాలున్నాయి. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకు, మదీనావాసులైన అన్సార్లకు మధ్య దైవప్రవక్త (సఅసం) సోదర బంధం ఏర్పరచారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దానికి కృతజ్ఞత తెలిపి, బజారు దారి చూపమని మాత్రమే అడిగారు. వెన్న, జున్ను అమ్మి తన కాళ్ళపై తాను నిలబడ్డారు. ఇచ్చే చేయి ఎలా ఉండాలో, వచ్చే మనిషి ఎలా ఉండాలో ఈ ఒక్క సంఘటనలో కనబడుతుంది. ఆ నగరంలో మంచినీరు కరువైనప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరి కోసం వక్ఫ్ చేశారు.

పల్లె నుంచి వచ్చిన కుటుంబం జుమా నాడు మసీదులో చివరి వరుసలో బిడియంగా నిలబడుతుంది. వారిని పలకరించి, పని దొరికే చోటు చూపి, బడిలో పిల్లలను చేర్చడానికి వెంట వెళ్ళగలిగితే అది పెద్ద సహాయం. అవసరం చూసి బాడుగ పెంచకుండా ఉండగలిగితే అదీ సహాయమే. నాలుగు కుటుంబాలు కలిసి వీధిలో ఒక మంచినీటి ఏర్పాటు చేయగలిగితే రూమా బావి పుణ్యంలో వారికీ వాటా దక్కుతుందని ఆశించవచ్చు. ఆ నీటిని పంచేటప్పుడు ఇంటివారు ఏ మతస్థులని అడగకుండా అందరి బిందెలూ నింపాలి.

కనుక అడిగినవారికి మా జవాబు ఇది: నీ బిడ్డ బడికి, నీ ఇంటిల్లిపాది మంచినీటికి, నీ తల్లి నీకు అందుబాటులో ఉండేటట్లయితే మార్కాపురం రా. ఈ మూడింటిలో దేనినైనా పోగొట్టుకునేటట్లయితే ఇంకొక ఏడాది ఆగి, దానికి దారి చూసుకుని రా. అల్లాహ్ భూమి విశాలమైనది. దానిపై మనం ఎంచుకునే చోటు మన తరువాతి తరానికి మేలైనదిగా ఉండేటట్లు ఆయన అనుగ్రహించుగాక. ఆమీన్.